ఊపిరిపై చూపు

మూసీ గట్టున అఫ్జల్‌గంజ్ మీదుగా పోవువారికి ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు కనబడును. 1908 వరదకు పూర్వము ఆ ప్రాంతముననే అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి యుండెను. ప్రమాదకరమైన మందును భద్రముగా ఇచ్చుట యెట్లో నేర్పుటకు ఆనాటి హైదరాబాదు చేసిన ప్రయత్నమును నేడు స్మరింతము.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. కత్తి బాధ తప్పినది. కాని మరుసటి యేడే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలివ్రేలి గోరు తీయించుకొనబోయి, ఆ మత్తులోనే కన్నుమూసినది. ముందు ఆగునది గుండెయా, ఊపిరియా? మందిచ్చువారు దేనిని కనిపెట్టి యుండవలెను? ఇది పండితుల వాదము మాత్రము కాదు. బల్లపై పరుండిన రోగి ప్రాణము దీనిపై ఆధారపడి యుండెను.

హైదరాబాదు వైద్య పాఠశాల అధ్యక్షుడగు ఎడ్వర్డు లారీ, నాడిని గాక ఊపిరిని చూడవలెనని శిష్యులకు బోధించెను. 1888లో జరిపిన మొదటి విచారణ ఆయన మాటనే బలపరచినది. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని ఒప్పుకొనలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి ఆ పత్రిక ప్రతినిధిని రప్పించెను. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి, వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, తుదకు లారీ పక్షమే వహించెను.

ఆ పాఠశాలలోనే ఆ యేడు పట్టము పొందిన రూపాబాయి ఫర్దూంజీ, మత్తుమందిచ్చు వైద్యవృత్తిని చేపట్టిన ప్రపంచపు తొలి మహిళలలో నొకరు.

అయితే కథ అక్కడ ముగియలేదు. మత్తు చాలనప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో గుడ్‌మన్ లీవీ నిరూపించెను. ఊపిరిని కనిపెట్టుమన్న బోధ మంచిదే; నాడిని విడిచిపెట్టుమన్నది పొరపాటు.

నేడు క్లోరోఫారము శస్త్రచికిత్సాశాలను విడిచినది. బాధ నణచు మార్ఫిన్‌ను 1985 చట్టము కట్టుదిట్టము చేయగా, 2014 సవరణ రోగులకు దానిని కొంత సులభముగా అందునట్లు చేసినది. వృద్ధుల శరణాలయములో అట్టి మందు నిచ్చు పరిచారికకును పాత పాఠమే వర్తించును: కొలత చూడవలెను, లెక్క వ్రాయవలెను, ఇచ్చిన పిదప రోగి ఊపిరిని కనిపెట్టవలెను. బీరువాకు తాళము వేసినంత మాత్రమున రోగికి రక్షణ కలుగదు. నేర్చిన కన్ను, తప్పు దిద్దుకొను మనస్సు కూడ కావలెను.