దేవరగట్టు పాలబాస

దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరమంటే టీవీలు పగిలిన తలలే చూపిస్తాయి. నేను మాత్రం దానికి ముందు జరిగే పాలబాస గురించే చెబుతాను.

కర్నూలు జిల్లా హొళగుంద మండలంలోని ఈ కొండమీద మాళమల్లేశ్వరుడు మణి, మల్లాసురుల్ని చంపాడని నమ్మకం. కర్రల సమరం జరిగే బన్ని ఉత్సవం ఆ యుద్ధానికే గుర్తు. నెరణికి, కొత్తపేట గ్రామాల జనం పాల సాక్షిగా ఒట్టేస్తారు: పాతకక్షలు ఇక్కడ తీర్చుకోబోమని. ఆ తర్వాతే కర్ర పడతారు. జనం తమకు తాము పెట్టుకున్న కట్టుబాటిది.

దెబ్బ తగిలితే పసుపు బండారు అద్దుకుని మళ్లీ గుంపులో కలవడం పాత పద్ధతి. ఇప్పుడు పక్కనే వైద్యశిబిరం, కుట్లు. ఇనుప రింగులు తొడిగిన కర్రల్ని పోలీసులు ముందే ఏరేస్తారు, అయినా కొన్ని దాటిపోతాయి. దివిటీల నిప్పురవ్వలు సరేసరి! నన్నడిగితే అసలు ముప్పంతా మందులోనే ఉంది. తాగినవాడికి బాసేం గుర్తుంటుంది?

చూడ్డానికి వెళ్లేవాళ్లు ఆ తోపులాటలోకి దిగకండి. పిల్లల్ని తీసుకెళ్లకండి.