ఎద్దు నుదుటి గుడ్డలో మన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి.

దసరా సెలవులకు తాండాకు పోయినప్పుడు దాది ట్రంకు పెట్టె సర్దుతుంటే మాకొక గుడ్డ దొరికింది. మూడు మూలల ఎర్ర గుడ్డ. మీద అద్దం ముక్కలు, అంచుకు గవ్వలు, కిందికి ఉన్ని కుచ్చులు. కాంచళి ముక్కేమో అనుకున్నాం. దాది నవ్వి, "అది మనిషిది కాదు బిడ్డా, ఎద్దుది. నుదుటికి కట్టేది" అన్నది. పెండ్లయిన కొత్తల ఇంటి ఎద్దు కోసం తనే కుట్టిందట. మా నాయినకు కూడా ఈ సంగతి తెల్వదు.

ఎద్దుకు అంత సోకు ఎందుకు? హాస్టల్‌కు వచ్చినంక లైబ్రరీలో కూర్చొని చదివితే అర్థమైంది.

రైలు, లారీ లేని కాలంలో దేశంలో ధాన్యం, ఉప్పు మోసింది లంబాడీల పెరిక ఎడ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడికి దారిలో ధాన్యం మోస్తున్న 14,000 ఎడ్ల తాండా ఎదురైంది. అంటే తాండా అంటే అప్పుడు ఊరు కాదు, నడిచే బిడారు. ఆడవాళ్లు, పిల్లలు, కుక్కలు అందరూ దాంతోనే.

ఆ బిడారు ముందు ఒక ఎద్దు నడిచేది. దాన్ని దేవుడికి వదిలేవాళ్లు, వీపు మీద బరువు పెట్టేవాళ్లు కాదు. ఎర్ర పట్టు కుచ్చులు, గవ్వల దండలు, ఇత్తడి గొలుసులు, గంటలు కట్టేవాళ్లు. అది అలిసి ఎక్కడ పడుకుంటే ఆ రోజుకు అక్కడే మకాం. ఈ సంగతులు 19వ శతాబ్దంలో బ్రిటిష్ అధికారులే రాసిపెట్టారు. కొమ్ములకు తొడుగులు, నుదుటికి పట్టీ, వీపు మీదికి గుడ్డ, అన్నీ ఇంట్ల ఆడవాళ్లు చేత్తో కుట్టినవే. పేటియాకు, కాంచళికి ఏ కుట్టో, ఎద్దుకూ అదే కుట్టు. ఎద్దును ఇంటి మనిషి లెక్క చూసుకున్నారనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

1791-92లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చేసిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు చేర్చినవాళ్లలో మనవాళ్లున్నారు. తర్వాత రైలొచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది. ఎడ్లు మోసే సరుకు రైలెక్కింది, బతుకుదెరువు పోయింది. అంతకు ముందే 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. వాళ్ల సైన్యానికి అన్నం పెట్టిన మనవాళ్లలోనే కొన్ని గుంపులను ఆ చట్టం కింద పుట్టు దొంగలని రాసుకున్నారు. ఆ చట్టం పోయింది 1952లో. మాట మాత్రం ఇంకా పోలేదు. మొదటి సంవత్సరంలో మా రూములో ఒకరి పెన్ను పోతే ముందు వెతికింది మా పెట్టెలే.

అందుకే ఆ చిన్న గుడ్డ మాకు పెద్దగా కనిపించింది. దొంగతనం మీద బతికేవాళ్లు ఎద్దు నుదుటికి అద్దాలు కుట్టి, మెడకు గంటలు కట్టి, అందరికీ వినపడేటట్టు నడుస్తారా? అట్ల నడిచేది వ్యాపారం చేసుకునేవాళ్లు.

ఇప్పుడు అట్లాంటి పాత గుడ్డలు మ్యూజియంలలో, సేకరించేవాళ్ల ఇండ్లల్లో ఉన్నయి. మన తాండాల్లో కొన్నేమో పాత సామాన్లోళ్లకు స్టీలు గిన్నెల కింద పోయినయి. గుడ్డ ఉన్నచోట కూడా కుట్టినామె పేరు ఉండదు.

సెలవులు అయిపోయే లోపల మేం దాది దగ్గర కూర్చొని మా లేగదూడకు ఒకటి కుట్టినం. చిరిగిన పేటియా ముక్కను రెండు మడతలు వేసి, అంచుకు గవ్వలు, మూలలకు ఉన్ని కుచ్చులు. దాది మూడు మాటలు చెప్పింది: కండ్లకు అడ్డం రావద్దు, ముడి వదులుగా ఉండాలె, అద్దం అంచు దారంతో మూసెయ్యాలె, లేకుంటే తోలు గీసుకపోతది. మా కుట్లు వంకర పోయినయి. దూడ మాత్రం ఒక పూటంతా దాంతోనే తిరిగింది.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ దాది, అవ్వ పెట్టెలు కూడా తెరిచి చూడండి. లంబాడీలే కాదు, గోండు, కోయ, చెంచు అందరూ. ఏదన్నా దొరికితే అమ్మనియ్యకండి. ఫోటో తీసి, ఎవరు కుట్టిన్రు, ఏ పశువుకు, ఏ పండుగకు అని అడిగి కింద రాయండి. అడిగేటోళ్లం మనమే, చెప్పేటోళ్లు మాత్రం ఎక్కువ రోజులు ఉండరు.