అడుగున చిల్లున్న పానపాత్ర

చెంబుకు చిల్లు పడితే మాటు వేయిస్తాం, లేదా పాత సామానులవాడికి ఇచ్చేస్తాం. క్రీట్ ద్వీపంలో మూడున్నర వేల ఏళ్ల కిందటి శిల్పులు మాత్రం పనిగట్టుకుని చిల్లు పెట్టి మరీ పాత్రలు చేశారు. అక్కడి నోసోస్‌లోని చిన్న ప్రాసాదంలో పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ తవ్వకాల్లో దొరికిన నల్లరాతి ఎద్దు తల వాటిలో పేరుమోసింది. కంటికి స్ఫటికం పొదిగారు, మూతి చుట్టూ తెల్లని చిప్ప అతికారు. మెడ వెనక ఒక రంధ్రం, నోటి దగ్గర ఇంకొకటి. వెనక నుంచి పోసినది ఎద్దు నోట్లోంచి ధార కడుతుంది. ఇది దాహం తీర్చుకునే పాత్ర కాదు, దేవతల పేర ధారపోసే పాత్ర. ఇలాంటి ఎద్దు తలలు చాలావరకు ముక్కలుగానే దొరికాయి. కర్మ ముగిశాక కావాలనే పగలగొట్టేవారని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

పై నుంచి పోస్తే కింది నుంచి ధార పడే ఈ తరహా పాత్రలను రైటన్లు అంటారు. వీటి ఖ్యాతి సముద్రం దాటింది. ఈజిప్టులో థీబ్స్ దగ్గర మంత్రి రెఖ్మిరే సమాధి గోడల మీద, ఏజియన్ ప్రాంతం నుంచి కానుకలు తెస్తున్న మనుషుల చేతుల్లో ఈ పాత్రల బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇరాన్‌లో దీని దారి వేరు. జంతువు రూపంలో పాత్రలు చేయడం అక్కడ అంతకు ముందే ఉన్న అలవాటు. అకెమెనిడ్ చక్రవర్తుల కాలానికి (క్రీ.పూ. 6-4 శతాబ్దాలు) కొమ్ము ఆకారపు గిన్నె కింద వంపు తిరిగి సింహం, మేక, రెక్కలున్న కల్పిత మృగం గ్రిఫిన్ లాంటి జంతువు ముందు భాగంగా ముగిసే రూపం స్థిరపడింది. టర్కీలోని ఎర్జింజాన్ దగ్గర దొరికిన వెండి గ్రిఫిన్ రైటన్ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని చిల్లు రొమ్ము దగ్గర. వేలితో మూసి పట్టుకుని ద్రాక్షసారా నింపాలి, వేలు తీస్తే సన్నని ధార. ఆ ధారను పళ్లెం లాంటి గిన్నెలో పట్టేవారు, లేదా నేరుగా నోట్లోకి వదిలేవారు. చెంబు పైకెత్తి పెదవి తగలకుండా మంచినీళ్లు తాగే మనవాళ్లకు ఈ విద్య నేర్పనక్కర్లేదు.

క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధంలో పర్షియన్ల, అంటే ఈ ఇరానీ చక్రవర్తుల సేన, శిబిరం గ్రీకుల చేతికి చిక్కింది. అక్కడ దొరికిన బంగారు, వెండి పాత్రల గురించి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఏథెన్స్ కుమ్మరులు జంతువుల తలలతో మట్టి పాత్రలు విరివిగా చేశారు. సోటడెస్ అనే కుమ్మరి పనితనం వీటిలో మిన్న. అయితే గ్రీకులు దీనికి పిడి పెట్టారు, చాలాసార్లు కింద పీఠమూ పెట్టారు, అసలు చిల్లునే వదిలేశారు. తాగుడు గోష్ఠుల్లో వాళ్లకు కావలసింది వింత ఆకారం, అంతే. శత్రువు దర్జాను అరువు తెచ్చుకుని అతని పద్ధతిని పక్కన పెట్టారు.

చిల్లున్నవి ఎంత అందంగా ఉండేవో చూడాలంటే బల్గేరియా వెళ్లాలి. 1949లో పనగ్యురిష్టె దగ్గర ఇటుకల కోసం మట్టి తవ్వుతుంటే తొమ్మిది బంగారు పాత్రలు బయటపడ్డాయి. బరువు ఆరు కిలోల పైమాటే. కాలం క్రీ.పూ. 4వ శతాబ్దం చివర, 3వ శతాబ్దం మొదలు. వాటిలో ఒక కూజాకు అడుగున రెండు తలలు, రెండు నోళ్లూ రంధ్రాలే. ఇద్దరు ఒకేసారి తాగి స్నేహబంధం కలుపుకోవడానికి చేసి ఉంటారని ఒక ఊహ. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ కూజాయే.

తర్వాతి కాలంలో ఇరాన్‌ను ఏలిన పార్థియన్ల పాత కోట నీసా నేటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది. 1948లో సోవియట్ పురావస్తు శాస్త్రవేత్తలకు అక్కడ నలభైకి పైగా దంతపు రైటన్లు దొరికాయి. అంచుల చుట్టూ గ్రీకు దేవతల వరుసలు, కొసన సగం మనిషి, సగం గుర్రమైన సెంటార్లు, రెక్కల మృగాలు. రాజులు ఇరానీలు, బొమ్మలు గ్రీకువి! అదే కోటలో రెండు వేలకు పైగా రాసిన పెంకులు దొరికాయి. ఏ తోట నుంచి ఎంత ద్రాక్షసారా వచ్చిందో రాసుకున్న లెక్కలు అవి. పాత్రలతోపాటు వాటి కాలంనాటి సారా పద్దులు కూడా దొరకడం అరుదు.

ఈ కొమ్ము రూపం ఇంకా దూరాల్లోనూ కనిపిస్తుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 1983లో బయటపడ్డ నాన్‌యువే రాజు సమాధిలో (క్రీ.పూ. 2వ శతాబ్దం) పచ్చరాయి కొమ్ము పాత్ర ఉంది. గ్రీకుల మట్టి పాత్రల్లాగే దానికీ చిల్లు లేదు. మన కృష్ణా తీరంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ, ప్రాసాద స్థలంలోని శిల్పంలో కొద్దిపాటి గడ్డంతో అర్ధనగ్నంగా ఉన్న ఒకడు తాగే కొమ్ము పట్టుకుని నిలబడ్డాడు, పక్కనే సారా పీపా. గ్రీకుల మధుదేవత డయోనిసస్ అని పండితులు పోల్చారు. బౌద్ధారామాల నడుమ క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటి ఊరిలో ఇతనికి చోటు దొరికిందంటే, రోము వర్తకం ఇక్కడికి నాణేలను మాత్రమే మోసుకురాలేదని అర్థం.

చైనాలోని షీయాన్‌లో 1970లో హెజియాత్సున్ దగ్గర తాంగ్ రాజవంశ కాలపు నిధి బయటపడింది. అందులోని రైటన్‌ను పట్టీల రంగురాయిలో కొమ్ముల జంతువు తలగా చెక్కారు. మూతికి బంగారు తొడుగు. అది ఊడదీస్తే ధార పడుతుంది. చిల్లు మళ్లీ వచ్చింది, కాకపోతే మూతతో. మధ్య ఆసియా పనివాళ్లు చేశారో, వాళ్ల పని చూసి చైనా శిల్పి చేశాడో నేటికీ తేలలేదు. షాన్షీ చరిత్ర మ్యూజియంలో ఉన్న ఈ పాత్రను, దేశం దాటించకూడని 64 పురావస్తువుల జాబితాలో చైనా ప్రభుత్వం 2002లో చేర్చింది.