విప్పింగ్ క్రీమ్ పౌడర్

విప్పింగ్ క్రీమ్ పౌడర్ అనేది చల్లని పాలతో గాని, నీటితో గాని కలిపి గిలకొట్టినప్పుడు తెల్లని మెత్తని నురుగుగా మారే ఒక పొడి మిశ్రమం. దీనిని విప్‌డ్ టాపింగ్ మిక్స్ అని కూడా అంటారు. కేకులపై పూతగాను, కేకు పొరల మధ్య నింపుడుగాను, పుడ్డింగులు మరియు పండ్ల ముక్కలపై అలంకరణగాను దీనిని ఉపయోగిస్తారు. కేకు పిండిలో పొడిని నేరుగా కలిపే పద్ధతి కూడా కలదు. పేరులో క్రీమ్ అని ఉన్నప్పటికీ ఇది ఎండబెట్టిన పాల మీగడ కాదు. వృక్ష సంబంధమైన కొవ్వు, చక్కెర, కొద్దిపాటి పాల మాంసకృత్తు, ఎమల్సిఫైయర్లు కలిపి తయారుచేసిన పదార్థం. ఈ భేదాన్ని గుర్తించడం వంటకూ ఆరోగ్యానికీ కూడా అవసరం.

చరిత్ర

మీగడను గిలకొట్టి నురుగుగా చేయడం ఐరోపాలో శతాబ్దాలుగా ఉన్న అలవాటు. ఇందుకు పనికివచ్చే మీగడలో సాధారణంగా 30 శాతానికి పైగా వెన్న ఉండాలి. అటువంటి మీగడ ఖరీదైనది, త్వరగా పాడయ్యేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చిక్కని మీగడ అమ్మకంపై ఆంక్షలు విధించారు. దీనితో ప్రత్యామ్నాయాల కోసం ప్రయత్నాలు జరిగాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరానికి చెందిన రాబర్ట్ రిచ్ 1945లో సోయా చిక్కుడుతో చేసిన ద్రవరూప టాపింగ్‌ను ప్రవేశపెట్టాడు.

పొడి రూపంలో పేరుపొందిన డ్రీమ్ విప్‌ను జనరల్ ఫుడ్స్ సంస్థ 1957లో విడుదల చేసింది. ఫ్రిజ్ అవసరం లేకుండా అలమారలో నెలల తరబడి నిల్వ ఉండడం దీని ముఖ్య ఆకర్షణ. గిలకొట్టే పని కూడా లేకుండా, ముందే నురుగుగా చేసి గడ్డకట్టించిన కూల్ విప్‌ను అదే సంస్థ 1966లో తెచ్చింది. బ్రిటన్‌లో బర్డ్స్ పేరుతో వచ్చిన డ్రీమ్ టాపింగ్ కూడా పొడి కోవకు చెందినదే.

భారతదేశంలో బేకరీలు ఎక్కువగా గడ్డకట్టించి నిల్వచేసే ద్రవరూప టాపింగ్‌ను వాడతాయి. తెలుగు రాష్ట్రాలలో కూల్ కేకు అని పిలిచే పుట్టినరోజు కేకులపై ఉండే తెల్లని పూత చాలావరకు ఇటువంటిదే. ఇంటివద్ద కేకులు చేసుకునేవారికి పొడి రూపం అనుకూలంగా ఉంటుంది.

పదార్థాలు

ఈ పొడిలో ప్రధానంగా చక్కెర, హైడ్రోజనీకరణ చేసిన పామ్ కెర్నెల్ నూనె, మాల్టోడెక్స్‌ట్రిన్, సోడియం కేసినేట్, ప్రొపిలీన్ గ్లైకాల్ మోనోస్టియరేట్ వంటి ఎమల్సిఫైయర్లు, సువాసన ద్రవ్యాలు ఉంటాయి. తయారీదారును బట్టి వీటి పాళ్ళు మారుతాయి.

ఆయిల్ పామ్ పండు నుండి రెండు రకాల నూనెలు లభిస్తాయి. గుజ్జు నుండి వచ్చేది పామాయిల్. లోపలి గింజ నుండి వచ్చేది పామ్ కెర్నెల్ నూనె. భారతదేశంలో ఆయిల్ పామ్ సాగులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు ముందున్నాయి. గింజ నూనె కొబ్బరినూనె మాదిరిగా చల్లదనానికి గట్టిపడి, వేడికి త్వరగా కరుగుతుంది. నురుగు నోట్లో ఇట్టే కరిగిపోవడానికి కారణం ఈ గుణమే.

సోడియం కేసినేట్ పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు నుండి తయారవుతుంది. పాలు విరిగినప్పుడు గడ్డగా ఏర్పడే భాగంలో ప్రధానంగా ఉండేది ఈ కేసినే.

పనిచేసే విధానం

తయారీలో కొవ్వును సూక్ష్మమైన బిందువులుగా విడగొట్టి, నీటితో కలిపిన ఎమల్షన్‌ను వేడిగాలిలోకి చిమ్మి ఆరబెడతారు. అప్పుడు ప్రతి కొవ్వు బిందువు చుట్టూ మాంసకృత్తు పొర ఏర్పడుతుంది. చల్లని పాలు పోసినప్పుడు ఎమల్సిఫైయర్లు ఆ పొరను కొంతమేర తొలగిస్తాయి. గిలకొట్టే కొద్దీ కొవ్వు బిందువులు ఒకదానికొకటి పాక్షికంగా అంటుకొని, గాలి బుడగల చుట్టూ గోడలా నిలుస్తాయి. ఇదే నురుగుకు బలాన్ని ఇస్తుంది.

కొవ్వు గట్టిగా ఉన్నంతవరకే ఈ గోడ నిలుస్తుంది. కనుక పాలు గాని, గిన్నె గాని వెచ్చగా ఉంటే ఎంతసేపు గిలకొట్టినా పొడి పలుచని పాయసంలా ఉండిపోతుంది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ప్రాంతాలలో గిన్నెను, బీటర్ పుల్లలను ముందుగా ఫ్రిజ్‌లో ఉంచడం, గిన్నెను మంచు ముక్కల నీటిపై పెట్టి గిలకొట్టడం మంచిది.

పూతగా ఉపయోగించుట

అమెరికాలో అమ్మిన డ్రీమ్ విప్ పొట్లం ఒక్కొక్కటి సుమారు 37 గ్రాములు ఉంటుంది. దానికి అరకప్పు, అనగా సుమారు 120 మిల్లీలీటర్ల చల్లని పాలు, అర చెంచా వెనిల్లా కలిపి, మొదట నెమ్మదిగాను, తరువాత వేగంగా సుమారు 4 నిమిషాలపాటు గిలకొడితే రెండు కప్పుల నురుగు వస్తుంది. బీటర్‌ను పైకి తీసినప్పుడు నురుగు కొనలుగా నిలబడితే సిద్ధమైనట్లు. ఇతర పొడులకు పాల కొలత వేరుగా ఉండవచ్చును కనుక పొట్లంపై ఉన్న సూచననే పాటించాలి.

ఈ నురుగు తేలికగా ఉంటుంది. కేకుపై పరచడానికి సరిపోతుంది కాని పువ్వులు, అంచులు తీర్చడానికి మరికొంత గట్టిదనం కావాలి. ఇందుకు ఒక పొట్లం పొడికి నలుగురికి సరిపడే ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొట్లం ఒకటి, ఒకటిన్నర కప్పుల చల్లని పాలు కలిపి గిలకొట్టే పద్ధతి ప్రసిద్ధమైనది. పుడ్డింగ్‌లోని మార్పుచెందిన పిండిపదార్థం నీటిని పట్టి ఉంచడం వలన పూత జారిపోకుండా నిలుస్తుంది. ఉడికించవలసిన కస్టర్డ్ పొడి దీనికి బదులుగా పనికిరాదు. పచ్చి కస్టర్డ్ పొడి చల్లని పాలలో చిక్కబడదు.

రంగు కావలసినప్పుడు నీటి రంగులకన్నా జెల్ రంగులు మేలు. అదనపు నీరు నురుగును పలుచబరుస్తుంది. నిమ్మరసం వంటి పులుపు పాలను విరిచే ప్రమాదం ఉన్నది. తాజా అనాసపండులో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైము పాల మాంసకృత్తులను విడగొట్టి చేదు రుచి కలిగిస్తుంది. డబ్బాలో నిల్వచేసిన లేదా చక్కెరతో ఉడికించిన అనాస ముక్కలలో వేడి వలన ఈ ఎంజైము నశిస్తుంది. కనుక అనాస కేకుకు అవే తగినవి.

కేకు పిండిలో ఉపయోగించుట

పొడిని కేకు పిండిలో కలిపినప్పుడు అది చేసే పని వేరు. ఇక్కడ నురుగుతో సంబంధం లేదు. పొడిలోని ఎమల్సిఫైయర్లు కొవ్వును, గాలిని పిండిలో సన్నగా సమంగా పరచి, కేకుకు సన్నని రంధ్రాల నిర్మాణాన్ని, మెత్తదనాన్ని ఇస్తాయి. కేకుల తయారీ పరిశ్రమ కూడా ఇదే జాతి ఎమల్సిఫైయర్లను వాడుతుంది.

అమెరికన్ ఇళ్ళలో వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో ఒక పెట్టె కేకు మిక్స్, ఒక పొట్లం పొడి, 4 గుడ్లు, ఒక కప్పు చల్లని నీరు కలిపి సుమారు 4 నిమిషాలు గిలకొట్టి, 175 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు. ఈ కొలతలు పాత పెట్టెలకు చెందినవి. ఒకప్పుడు సుమారు 517 గ్రాములు ఉన్న కేకు మిక్స్ పెట్టె తరువాతి కాలంలో 432 గ్రాములకు, కొన్ని రకాలలో అంతకన్నా తక్కువకు తగ్గింది. పాత కొలతలను అలాగే పాటిస్తే పిండి పలుచబడవచ్చును. కావున పెట్టె బరువు చూసుకొని నీటిని తగ్గించుకోవాలి.

ఈ విషయంలో సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, ముందుగా పాలతో గిలకొట్టిన నురుగును పిండిలో కలపడం. ఓవెన్ వేడికి కొవ్వు కరిగి ఆ నురుగు కూలిపోతుంది, పాల వలన తడి కూడా పెరుగుతుంది. పిండిలో కలపవలసింది పొడి మాత్రమే. రెండవది, దీనిని బేకింగ్ పౌడర్‌కు బదులుగా భావించడం. ఇందులో కేకును పొంగించే వాయువును పుట్టించే పదార్థం ఏదీ లేదు. పొడిలో చక్కెర అధికంగా ఉన్నందున ఇంట్లో కలుపుకునే పిండిలో ఆ మేరకు చక్కెర తగ్గించడం ఉచితం.

ఆరోగ్య విషయాలు

పాల అలెర్జీ: ఇటువంటి పొడులపై తరచుగా నాన్ డెయిరీ అని ముద్రించి ఉంటుంది. పాల కొవ్వు లేదని దాని భావమే గాని, పాల సంబంధమైనదేదీ లేదని కాదు. సోడియం కేసినేట్ పాల మాంసకృత్తు కనుక, పాల అలెర్జీ ఉన్న పిల్లలకు ఇటువంటి కేకు ముక్క కూడా ప్రమాదకరం కావచ్చును. అమెరికా నిబంధనల ప్రకారం నాన్ డెయిరీ అని చెప్పే ఆహారంలో కేసినేట్ ఉంటే అది పాల నుండి వచ్చినదని పక్కనే తెలపాలి. భారతదేశపు 2020 లేబులింగ్ నిబంధనలు కూడా పాలను అలెర్జీ కారకాలలో ఒకటిగా ప్రకటించాలని కోరుతున్నాయి. విడిగా అమ్మే కేకు ముక్కపై పదార్థాల జాబితా ఉండదు కనుక అడిగి తెలుసుకోవడమే మార్గం. పాల చక్కెర అయిన లాక్టోస్ అరగకపోవడం వేరు సమస్య. కేసినేట్‌లో లాక్టోస్ అత్యల్పం, కాని పొడిని పాలతో కలిపినప్పుడు లాక్టోస్ చేరుతుంది.

కొవ్వు: పాక్షికంగా హైడ్రోజనీకరణ చేసిన నూనెలలో గుండెకు హానిచేసే ట్రాన్స్ కొవ్వులు ఉంటాయి. వాటి వాడకాన్ని ఆపాలని అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 2015లో నిర్ణయించగా, 2018 నుండి అది అమలులోకి వచ్చింది. భారత ఆహార భద్రతా, ప్రమాణాల ప్రాధికార సంస్థ నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వుల పరిమితిని 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుండి 2 శాతానికి తగ్గించింది. పూర్తిగా హైడ్రోజనీకరణ చేసిన నూనెలో ట్రాన్స్ కొవ్వు దాదాపు ఉండదు గాని సంతృప్త కొవ్వు ఎక్కువ. పామ్ కెర్నెల్ నూనెలో సహజంగానే సుమారు 80 శాతం సంతృప్త కొవ్వు ఉంటుంది. అందువలన దీనిని నిత్యాహారంగా కాక, పండుగలకు పరిమితం చేయడం మంచిది.

నిల్వ

పొడి ఉన్నంతవరకు ఫ్రిజ్ అవసరం లేదు. విద్యుత్ సరఫరా నిలకడగా లేనిచోట గడ్డకట్టించిన టాపింగ్ కంటే ఇది అనుకూలమైనది. అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తా ప్రాంతాలలో తెరిచిన పొట్లాన్ని మూత బిగువుగా ఉన్న డబ్బాలో ఉంచకపోతే పొడి గడ్డలు కడుతుంది.

పాలు కలిపిన తరువాత మాత్రం ఇది పాడయ్యే ఆహారం. పూత వేసిన కేకును ఫ్రిజ్‌లో ఉంచాలి. బయట రెండు గంటలకు మించి, వాతావరణం 32 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు ఒక గంటకు మించి ఉంచరాదు. వేడి తగ్గని కేకుపై పూత వేస్తే కొవ్వు కరిగి జారిపోతుంది కనుక, కేకు పూర్తిగా చల్లారిన తరువాతనే పూత వేయాలి.