ఆడవాళ్లకు విడిగా పరుగు ఎందుకు?



ఉగాది ఆటల పోటీల గురించి మొన్న మాట్లాడుకుంటున్నప్పుడు, ఈసారి ఆడవాళ్లకు విడిగా ఐదు కిలోమీటర్ల పరుగు పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. వెంటనే రెండు అభ్యంతరాలు వినబడ్డాయి. "వాళ్లకు ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్ ఉన్నాయి కదా, అంత దూరం ఎందుకండీ?" అని ఒకరు. "పరిగెత్తగలిగినవాళ్లు అందరితోపాటే పరిగెత్తొచ్చు కదా, విడిగా ఎందుకు?" అని ఇంకొకరు. రెండూ చెడ్డ మనసుతో అన్న మాటలు కావు. కానీ రెండూ పాత ప్రశ్నలే. వీటికి జవాబు తేలడానికి ప్రపంచానికి అరవై ఏళ్లు పట్టింది.

ముందు మొదటి ప్రశ్న. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే గెలిచింది. పరుగు ముగిశాక అలసిపోయినవాళ్లను చూసి కొన్ని పత్రికలు, వాళ్లంతా కుప్పకూలిపోయారన్నట్లు గోరంతను కొండంత చేసి రాశాయి. ఆడవాళ్ల ఒంటికి ఇది తగదని పెద్దలు తీర్మానించి ఆ పరుగును తీసేశారు. అది మళ్లీ వచ్చింది 1960లో, రోమ్‌లో. అంటే రెండు చుట్ల పరుగు కోసం 32 ఏళ్ల నిరీక్షణ.

రోడ్డు మీద పరిస్థితి ఇంకా కష్టం. 1966లో అమెరికాలో బాబీ గిబ్ అనే అమ్మాయి బోస్టన్ మారథాన్ మొదలయ్యే చోట పొదల్లో దాక్కుని, గుంపు కదలగానే అందులో కలిసిపోయి 42 కిలోమీటర్లూ పూర్తి చేసింది. మరుసటి ఏడాది క్యాథరిన్ స్విట్జర్ తన పేరును కె.వి. స్విట్జర్ అని రాసి, 261 నంబరు కట్టుకుని పరిగెత్తింది. దారి మధ్యలో నిర్వాహకుడొకాయన ఆమె మీదపడి ఆ నంబరు లాగేయబోయాడు. ఆ ఫొటో లోకమంతా చూసింది. ఆమె మాత్రం ఆగకుండా చివరిదాకా వెళ్లింది. బోస్టన్‌లో ఆడవాళ్లకు అధికారికంగా అనుమతి దొరికింది 1972లో.

అనుమతి దొరికితే చాలదని స్విట్జర్‌కు తెలుసు. అప్పట్లో ఏదైనా ఆట ఒలింపిక్స్‌లోకి రావాలంటే చాలా దేశాల్లో, వేర్వేరు ఖండాల్లో ఆడుతున్నట్లు రుజువు కావాల్సి ఉండేది. మగవాళ్ల పోటీల్లో అక్కడొకరూ ఇక్కడొకరూ పరిగెత్తితే ఆ లెక్క ఎవరికి కనిపిస్తుంది? అప్పటికే జర్మనీలోని వాల్డ్‌నీల్‌లో ఎర్నెస్ట్ ఫాన్ ఆకెన్ అనే డాక్టరు 1974లో ఆడవాళ్లకు మాత్రమే అంతర్జాతీయ మారథాన్ నడిపి దారి చూపించారు. 1972లో ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న మనిషి ఆయన. స్విట్జర్ ఏవన్ అనే సౌందర్య సాధనాల కంపెనీని ఒప్పించి, అదే బాటలో 1978లో అట్లాంటాలో, 1979లో వాల్డ్‌నీల్‌లో, 1980లో లండన్‌లో మహిళల అంతర్జాతీయ మారథాన్లు జరిపించింది. లండన్ పరుగులో న్యూజిలాండ్ అమ్మాయి లొరైన్ మోలర్ గెలిచింది. అదే ఏడాది మాస్కో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఉన్న అతి పెద్ద పరుగు ఎంతో తెలుసా? 1500 మీటర్లు!

లెక్క కళ్లముందు కనబడింది. 1981 ఫిబ్రవరిలో ఒలింపిక్ కమిటీ మహిళల మారథాన్‌కు ఒప్పుకుంది. 1984లో లాస్ ఏంజిలిస్‌లో జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ఆ తొలి స్వర్ణం అందుకుంది.

అయినా మధ్యలో ఒక ఖాళీ మిగిలింది. పెద్ద పోటీల్లో ఆడవాళ్లకు 3000 మీటర్ల తర్వాత ఒక్కసారిగా మారథానే. ఆ ఖాళీని పూడ్చడానికే అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 1983లో ప్రపంచ మహిళల రోడ్డు పరుగు ఛాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. మొదటిది శాన్ డియాగోలో, 10 కిలోమీటర్లు. బ్రిటన్‌కు చెందిన వెండీ స్లై గెలిచింది. తర్వాత దూరం 15 కిలోమీటర్లకు పెరిగింది. పోర్చుగల్‌కు చెందిన అరోరా కున్యా 1984 నుంచి వరసగా మూడేళ్లు గెలిచింది, మూడోది సొంత దేశంలో, లిస్బన్‌లో. తర్వాత రెండేళ్లు నార్వే తల్లి ఇంగ్రిడ్ క్రిస్టియాన్‌సెన్‌వి. 1989లో రియోలో చైనాకు చెందిన వాంగ్ షియుటింగ్ గెలవడంతో కిరీటం మొదటిసారి యూరప్ దాటింది.

ఈలోగా ఆడవాళ్ల 10,000 మీటర్ల పరుగు 1987లో ప్రపంచ పోటీల్లోకి, 1988లో ఒలింపిక్స్‌లోకి వచ్చేసింది. 1991 తర్వాత ఈ మహిళల ఛాంపియన్‌షిప్ ఆగిపోయింది. ఓడిపోయి ఆగలేదు, పని పూర్తయి ఆగింది. 1992లో న్యూకాజిల్‌లో ప్రపంచ హాఫ్ మారథాన్ మొదలైనప్పుడు ఆడా మగా ఇద్దరికీ ఒకే పండుగలో, ఒకే దూరంతో పోటీలు పెట్టారు.

రెండో ప్రశ్నకు ఇదే జవాబు. విడిగా పెట్టింది విడదీయడానికి కాదు, లెక్కలోకి తేవడానికి. కన్నడ నేల మీద తరతరాలుగా బతుకుతున్న మనకు ఇది ఒకరు చెప్పాలా? మనకంటూ ఒక సంఘం పెట్టుకున్నది ఇరుగుపొరుగుకు దూరంగా ఉండటానికి కాదు గదా. మన పిల్లలు ఇక్కడి వేదిక మీద నాలుగు మాటలు తెలుగులో ధైర్యంగా మాట్లాడితే, రేపు ఎక్కడైనా మాట్లాడగలరనే కదా.

మన బెంగళూరులోనే 2008 నుంచి ప్రపంచ స్థాయి పది కిలోమీటర్ల పరుగు జరుగుతోంది. అందులో మన వీధుల అమ్మాయిలూ పరిగెడుతున్నారు. మన ఉగాది మైదానంలో మాత్రం వాళ్లకు చెంచాలో నిమ్మకాయే ఇస్తున్నాం. నిమ్మకాయ పోటీ తీసేయమని అనడం లేదు, దాని పక్కన ఐదు కిలోమీటర్లు కూడా ఉండాలంటున్నాం. దూరం తగ్గించొద్దు, బహుమతి తగ్గించొద్దు, ప్రతి ఒక్కరి సమయం రాసిపెడదాం. మొదటి ఏడాది పదిమందే వస్తే పదిమందితోనే జరుపుదాం. ఏదో ఒక రోజు విడి పోటీ అవసరమే లేదని వాళ్లే అంటే, సంతోషంగా ఆపేద్దాం.

వచ్చే సమావేశానికి ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకురండి. ఈ విషయం వాళ్లు లేకుండా తేల్చడం బాగుండదు.