జున్ను, చీజ్: గోదావరి డెల్టా పాడి చరిత్రలో ఒక అనువాద సమస్య

ఇంగ్లీషు ‘చీజ్’కు నిఘంటువులు ఇచ్చే తెలుగు మాట ‘జున్ను’. తెలుగు బైబిలులో దావీదు తండ్రి సహస్రాధిపతికి పంపినవి పది ‘జున్నుగడ్డలు’. విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో వచ్చి నరసాపురం ప్రాంతంలో మిషన్ నెలకొల్పిన నాటినుంచి ఈ గ్రంథం డెల్టా గ్రామాల్లో చదవబడుతూనే ఉంది. అక్కడి పాఠకునికి ఆ మాటతో స్ఫురించేది తన పెరట్లో ఈనిన గేదె జున్నే. సాయంత్రానికి పులిసిపోయే ఆ జున్నును యుద్ధశిబిరానికి మోసుకుపోవడం ఎలాగన్న ప్రశ్న అనువాదంలోనే మరుగున పడింది.

ఈ రెండూ గడ్డకట్టే తీరే వేరు. జున్నుపాలలో అధికంగా ఉండే రోగనిరోధక మాంసకృత్తులు వేడికి వాటంతటవే గట్టిపడతాయి. బెల్లం, మిరియాలపొడి, యాలకులు కలిపి ఆవిరిమీద ఉడికిస్తే చాలు. ఈనిన తొలి మూడు నాలుగు రోజుల పాలకే ఈ గుణం. ఆ పాలను అమ్మడం కంటే ఇరుగుపొరుగుకు పంచడమే మర్యాద. యూరప్ గట్టి చీజ్‌కు పాలు తాగే దూడ నాలుగో కడుపు నుంచి తీసే రెన్నెట్ కావాలి. పేరుకొన్న పాలను ముక్కలుగా కోసి, నీరు వార్చి, గుడ్డ చుట్టి అచ్చులో బరువు కింద నొక్కి, ఉప్పునీట ఉంచి, ఆపై నేలమాళిగలో తిప్పుతూ, తుడుస్తూ నెలల తరబడి మగ్గబెడతారు. సుమారు 10 లీటర్ల ఆవుపాలకు దక్కేది 1 కిలో. వేసవి పాలను శీతకాలానికి దాచుకొనేందుకు అక్కడి రైతు ఇల్లు కనిపెట్టిన ఉపాయమిది.

ఈ చీజ్‌కు పేరుమోసిన గౌడా, ఏడమ్ పట్టణాల దేశస్థులే పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్కనున్న జగన్నాథపురాలలో వర్తక స్థావరాలు నడిపి, 1824 ఒప్పందంతో వాటిని ఇంగ్లీషువారికి వదులుకొన్నారు. డచ్చి ఓడల భోజన సామగ్రిలో చీజ్ ఉండేది. అయినా డెల్టా వంటింట్లోకి అది రాలేదు. 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న యానాం చుట్టుపక్కలా అంతే.

దూడ కడుపు నుంచి తీసిన పదార్థం ఆచారానికి సరిపడలేదన్నది తొందరగా తట్టే కారణం. అది కొంతవరకే నిజం. హుగ్లీ తీరాన పోర్చుగీసువారితో ముడిపడిన బాండెల్ చీజ్ ఉప్పు, పొగ పట్టించిన చిన్న బిళ్ల మాత్రమే. మగ్గబెట్టే చీజ్ బెంగాలులో కుదురుకొన్నది సుమారు 1,250 మీటర్ల ఎత్తున ఉన్న కాలింపాంగులో. అంటే అసలు అడ్డంకి వేడిమి. మగ్గడానికి 10–15 డిగ్రీల సెల్సియస్ చలి, 80 శాతానికి పైగా తేమ కావాలి. డెల్టాలో తేమకు కొరత లేదు, కొరతంతా చలికే. రాజమహేంద్రవరంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది; 30 దాటకముందే చీజ్‌లోని కొవ్వు కరిగి చెమటలా ఊరడం మొదలవుతుంది. కొద్ది అడుగులు తవ్వితే నీరు పడే నేలలో నేలమాళిగ మాటే లేదు.

ఆ ఎండలోనే నిలిచింది నెయ్యి. పిడకల దాలిపై పొద్దంతా కాగిన పాలు, ఎర్రబారిన మీగడ, తోడు, తెల్లవారుజాము కవ్వం, వెన్న: ఈ వరుస అంతా స్త్రీల శ్రమ. వెన్నను కాచేటప్పుడు నీరు ఆవిరై, మునగాకో తమలపాకో వేశాక గసి అడుగున చేరి నెయ్యి తేరుతుంది. గట్టి చీజ్‌లో నీరు మూడోవంతుకు అటూఇటూగా మిగులుతుంది. అందుకే దానికి కాపలా కావాలి. నెయ్యిలో అది 1 శాతం కూడా ఉండదు గనుక సూక్ష్మజీవులకు చోటుండదు. జాడీ మూతే దానికి నేలమాళిగ. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) తరువాత విస్తరించిన వరిసాగు గడ్డి రూపంలో గేదెల పోషణకు ఊతమిచ్చింది. 7 శాతం దాకా కొవ్వున్న గేదెపాలు నెయ్యికి అనువైనవి. వాటితో చేసిన చీజ్ బిరుసెక్కి మెల్లగా మగ్గుతుంది. వెన్న తీశాక మిగిలిన చల్ల అడిగినవారికి పోసేది. ‘చల్లకొచ్చి ముంత దాచడం’ అన్న సామెత పుట్టింది ఆ అలవాటులోనే.

కనుక పనిలో చీజ్‌కు డెల్టాలో సాటి వచ్చేది నెయ్యి. జున్నుకు దానితో ఉన్నది రూపసామ్యం ఒక్కటే. నిఘంటుకర్తలు చూపును నమ్మారు, వాడుకను గమనించలేదు. ‘చీజ్’ అనే మాటనే ఉంచుకొన్న నేటి వాడుక ఈ విషయంలో నిఘంటువుల కంటే కచ్చితమైనది.

సూక్ష్మజీవుల నుంచి తయారయ్యే రెన్నెట్ రావడంతో దూడ ప్రస్తావన అవసరం లేకపోయింది. వేడిమి మాత్రం అలాగే ఉంది. ఇంటి ఫ్రిజ్‌లోని 4 డిగ్రీలు చీజ్ మగ్గడానికి మితిమీరిన చలి, గది మితిమీరిన వేడి. డెల్టాలో ఎవరైనా ఇంట గౌడా చేయబూనితే 12 డిగ్రీల దగ్గర నిలిపిన విడి పెట్టె, అందులో ఒక గిన్నెడు నీరు, నెలల తరబడి ఆగని కరెంటు కావలసి ఉంటుంది.