విడ్జెట్

1924లో న్యూయార్కు రంగస్థలమున ప్రదర్శింపబడిన ‘బెగ్గర్ ఆన్ హార్స్‌బ్యాక్’ అను కాఫ్‌మన్, కానెల్లీల ప్రహసనములో ఒక ధనికుడు తాను విడ్జెట్ల వ్యాపారినని సగర్వముగా చెప్పుకొనును గాని, ఆ వస్తువేమో ప్రేక్షకునకు బోధపడదు; హాస్యమంతయు నందే యున్నది. గాడ్జెట్ అను మాటయే రూపుమారి యిట్లయినదని నిఘంటుకారుల యూహ. తరువాత అర్థశాస్త్రోపాధ్యాయులు ఏ సరకుకైనను ఈ పేరే పెట్టి లెక్కలు చెప్పిరి.

ఈ యర్థశూన్యతయే కంప్యూటరువారికి వరమైనది. తక్కిన వాడుకమాటలన్నియు అనుచితార్థములతో బరువెక్కియున్నందున తెరపై కనబడు బటను మున్నగు భాగములకు ఈ పేరును గ్రహించితిమని, తెరల నిర్మాణమునకు పనిముట్టైన ఎక్స్ టూల్‌కిట్ నిర్మాతలైన స్విక్, అకర్‌మన్‌లు 1988లో వ్రాసిరి.

2018లో తొలి స్థిరరూపమును పొందిన గూగుల్‌వారి ఫ్లటర్ అను తెరల నిర్మాణసామగ్రి యందు ఈ పదము సర్వవ్యాపకమైనది: బటను విడ్జెట్టే, అక్షరములు విడ్జెట్టే, చుట్టును విడువవలసిన ఖాళీ జాగా సైతము విడ్జెట్టే! తెరను ఎట్లు గీయవలెనో క్రమముగా ఆజ్ఞాపింపక, అది ఎట్లుండవలెనో వర్ణించుటయే ఇచటి పద్ధతి గనుక, నిలువుగా పేర్చు ‘కాలమ్’ అను విడ్జెట్ గర్భమున టెక్స్టును, దాని క్రింద బటనును వ్రాసినచో తెరపై అదే వరుస నిలుచును. అయితే గర్భమున గర్భము పెరిగినకొలది ముగింపు బ్రాకెట్లు గుట్టపడి, వాటి వెనుక వ్రాసిన లక్షణము దేనిదో తెలియక కన్ను తడబడును. అందుచేత రంగు, వెడల్పు మున్నగు స్వీయలక్షణములను ముందు చెప్పి, ‘చైల్డ్’ను, అనగా గర్భస్థ విడ్జెట్‌ను, చిట్టచివర నుంచవలెనని యొక నియమము గలదు. చిన్నదే యైనను, ఈ నియమమును పాటింపని కోడును చదువుట నిష్కారణశ్రమ యని నా నిశ్చయము.